బండ మీది లెక్కలు

లెక్కలంటే తనకు భయం లేదని శివలీల బేతంచెర్లలో కనబడిన వాళ్లందరికీ చెప్పింది. ఇప్పుడు ఆ మాటే ఆమె కొంప ముంచేలా ఉంది.

ఆమె అంగన్‌వాడీలో పదహారేళ్లుగా ఆయా. అక్కడి టీచరమ్మ ఈ వేసవిలో రిటైరవుతోంది. ఆ పోస్టు కావాలంటే పది పాసై ఉండాలి. అందుకని ఓపెన్ స్కూల్లో చేరింది. చేరిన రోజే లెక్కలు గానీ హోమ్ సైన్సు గానీ ఎంచుకోమన్నారు. "ఇన్నేండ్లుగా పిల్లోళ్లకు వండి పెడతాండా, దానికి మళ్లా పరీచ్చనా?" అని మూతి తిప్పి లెక్కలు తీసుకుంది. ఏడాదికి రెండు చొప్పున నాలుగు సబ్జెక్టులు గట్టెక్కించింది. మిగిలింది లెక్కలొకటే. తప్పితే సప్లిమెంటరీ ఉంటుంది, నిజమే. అది వచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉంటారు.

ఆమె చదువంతా వంటింటి నేల మీదే సాగింది. భర్త మద్దయ్య బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనివాడు. అతను పరిచిన బండలు అద్దాల్లా మెరుస్తాయి. వాటి మీద సుద్దముక్కతో లెక్క వేసేది, తప్పితే ఎడమ చెయ్యి తడిచేసుకుని తుడిచేసేది. కాగితాలు దండగని నోటుబుక్కు కూడా కొనలేదు మహాతల్లి.

పరీక్ష హాల్లో కూర్చోగానే నోరెండిపోయింది. కూతురు సుప్రజ ఇచ్చిన జెల్ పెన్నుతో ఎలాగో మూడు లెక్కలు చేసింది. అరచేతులు చెమటతో తడిసిపోయాయి. నాలుగో లెక్కలో ఏడు వేయాల్సిన చోట తొమ్మిది వేసింది. తప్పు కంటపడగానే ఎడమ చెయ్యి అలవాటు ప్రకారం తన పని తాను చేసేసింది. పేజీ పైనుంచి కిందిదాకా ఒకటే తుడుపు.

నాలుగు లెక్కలూ నీలం మరకైపోయాయి. శివలీలకు పై ప్రాణాలు పైనే పోయాయి. కాపీ కొట్టి చెరిపేసిందంటారేమో, పేపరు లాక్కుంటారేమో. రెండు చేతులతో పేజీని కప్పేసింది. కొత్త టీచరమ్మ వచ్చి తనకు చీపురు చూపిస్తున్నట్టే అనిపించింది.

చెప్పుల చప్పుడు ఆమె పక్కన ఆగింది. ఇన్విజిలేటరు జ్ఞానమణి.

"చెయ్యి తీయమ్మా. ఏంటిది?"

"తుడిసినా మేడమ్. బండనుకున్యా."

జ్ఞానమణి మరక వైపు, నీలంగా మారిన అరచేతి వైపు చూసింది. "దీనికి అడ్డంగా గీత కొట్టి పక్క పేజీలో మళ్లీ రాయి. ఇంకా రెండు గంటల టైముంది."

శివలీల ఎడమ చేతిని కొంగులో బిగించి చుట్టి, తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. భయం తగ్గలేదు. భయంతోనే రాసింది. తప్పు పడిన చోట కొట్టేస్తుంటే ఆ చెయ్యి కింద గింజుకుంటూనే ఉంది. గంట కొట్టేసరికి ముప్పై ఏడు మార్కులకు రాయగలిగింది. పాసుకు ముప్పై ఐదు కావాలి.

గేటు బయట మద్దయ్య సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎట్ల రాస్తివి మే?"

ఆమె అరచెయ్యి చూపించింది, జరిగింది చెప్పింది. అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

"ఇంట్లో నువ్వు పొద్దున ఏసిన లెక్కలు అట్నే ఉండాయి. పోతానే తుడిసేస్తాలే," అన్నాడు.

"తుడవాకు," అంది శివలీల. "రిజల్టు వచ్చేదాకా ఆ బండ మీద నీళ్లు పడగూడదు."