గోళ్ళు తీసే రోజు

ఇస్త్రీ బండి ఆవిడ వారానికోసారి, పెట్టెలో బొగ్గులు చల్లారాక, గుట్ట మీది పెద్దింటికి వెళ్ళి మేడమ్‌గారి కుడిచేతికి గోళ్ళు తీసి వస్తుంది. ఆ చెయ్యి ఇస్త్రీ ఆవిడ కూతురిది. ఇంకెవరు కత్తెర పట్టుకొచ్చినా పిడికిలి బిగించేస్తుంది. మేడమ్‌గారు బతిమాలినా అంతే, తిట్టినా అంతే.

కూతురు మేడమ్‌గారి టైలర్ షాపులోనే కాజాలు కుట్టేది. ఒక విందులో మేడమ్‌గారి చెయ్యి వణికి, నలుగురి ముందు గ్లాసు జారింది. అంతే, వణకని చెయ్యి కావాల్సొచ్చింది. ఆ ఊళ్ళో పైవాళ్ళకి ఏది పాడైతే కిందవాళ్ళది తెచ్చి అతుకులాయన అతికేస్తాడు. కాదన్న ఇంటికి మళ్ళీ ఎక్కడా పని దొరకదు. పైగా దాన్ని దానం అంటారు. అనడానికి నోరెలా వస్తుందో! ఒక్కటే చిక్కు, పెంచినవాళ్ళు దగ్గరుండి "వెళ్ళు" అంటే తప్ప ఏ అవయవమూ కదలదు. ఆ రోజు ఆవిడ ఆ మాట అంది. కూతురి ముఖం చూడకుండా అంది.

ఈ వారం వెళ్ళేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ తలుపు తీశాడు. అతని కొడుకు కాళ్ళు ఇప్పుడు అయ్యగారికున్నాయి. అయ్యగారు కారెక్కేటప్పుడు వాచ్‌మన్ ఆయన ముఖం వైపు చూడడు, కాళ్ళ వైపే చూస్తాడు.

"అబ్బాయి ఎలా ఉన్నాడన్నా?"

"ఎలా ఉంటాడు చెల్లెమ్మా. కుర్చీ ఎటు తిప్పితే అటు చూస్తుంటాడు. మెట్లు రెండేసి చొప్పున దూకొద్దని రోజూ తిట్టేవాణ్ణి వాణ్ణి."

పైన సోఫాలో మేడమ్‌గారు టవల్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఇస్త్రీ ఆవిడ గుమ్మంలోకి రాగానే చెయ్యి దానంతటదే వేళ్ళు చాపింది. చూపుడువేలికి పాత సూదిపోట్లు ఇంకా ఉన్నాయి. ఆవిడ వాటిని నిమిరి కత్తెర తీసింది.

"చూశావా, పక్కపక్కన పెడితే ఎంత ఎబ్బెట్టుగా ఉన్నాయో," అంది మేడమ్. "ఇది నున్నగా, అది ముడతలుగా. ఫోటోల్లో అసలు బాగోట్లేదు. రేపు అతుకులాయన వస్తున్నాడు, నీ కూతుర్ని తీసుకొచ్చెయ్. ఎడమది కూడా పెట్టించేసుకుంటాను."

"మేడమ్, అది ఎడంచేత్తోనే తింటోందండీ. బట్ట పళ్ళతో పట్టుకుని మళ్ళీ కాజాలు కుట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది."

"తినిపించడానికి నువ్వున్నావుగా. అయినా రెండు చేతులూ ఇక్కడే ఉంటే నీకే సులువు. గోళ్ళన్నీ ఒకేచోట తీసేసి పోవచ్చు."

ఇస్త్రీ ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"గ్లాసు ఎత్తడానికి నా పిల్ల చెయ్యి కావాల్సొచ్చింది. ఇప్పుడు ఫోటోకి ఇంకోటా? సిగ్గుందా నీకు? మనిషివేనా నువ్వు?"

మేడమ్‌ని అలా అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఇస్త్రీ ఆవిడ కత్తెర సంచిలో పడేసి లేచింది. ఏళ్ళ తరబడి సాయంత్రాలు షాపు ముందు నిలబడి కూతురితో అనే మాటే, అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

"పద, ఇంటికెళ్దాం."

చెయ్యి లేచింది. కాజాలోంచి బొత్తం ఊడినంత సులువుగా మణికట్టు దగ్గర ఊడి, వచ్చి అమ్మ వేలు పట్టుకుంది.

వెళ్ళమనడానికి అంత తతంగం చేసే ఊళ్ళో, రమ్మంటే వస్తుందేమోనని ఒక్కరికీ తట్టలేదు. అతికితే ఇక అంతేనని అతుకులాయన చెబితే అందరూ తలూపారు. తనూ ఊపింది. మెట్లు దిగుతూ అది తలుచుకుంటే ఆవిడకి మళ్ళీ మండింది, ఈసారి తన మీదే.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆవిడ వేలు పట్టుకున్న చేతిని వంగి చూశాడు.

"ఏమని పిలిచావు చెల్లెమ్మా?"

"ఏముందన్నా. ఇంటికెళ్దాం పద అన్నాను. పనిలోంచి తీసుకొచ్చేటప్పుడు ఎప్పుడూ అనేదే."

పైన మేడమ్‌గారి కేకలు మొదలయ్యాయి. ఆవిడని పట్టుకోమని అరుస్తూ అయ్యగారు మెట్లు దిగుతున్నారు, రెండేసి చొప్పున. వాచ్‌మన్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. గేటు బార్లా తెరిచి, ఇంటి వైపు తిరిగి, వీధిలో ఆడుకునే పిల్లాణ్ణి పిలిచినట్టు గొంతెత్తి పిలిచాడు.

"రేయ్ బుడ్డోడా! తిరిగింది చాలు, ఇంటికి రా!"

అడుగుల చప్పుడు ఆగింది. మెట్ల మీద ఏదో బరువుగా పడింది. తర్వాత అడుగులు మళ్ళీ మొదలయ్యాయి, తేలిగ్గా, రెండేసి మెట్ల చొప్పున.