ట్యాంకు మీది బైరి పిల్ల

నేను బైరి డేగ కాపలాకు చేరింది దాని మీద ప్రేమతో కాదు, కడుపుమంటతో. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు సుఖం.

మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి వెనక వాడకం లేని పాత నీళ్ళ ట్యాంకు ఉంది. రాతి స్తంభాల మీద ఆరంతస్తుల ఎత్తు. జనవరి చివర్లో దాని గట్టు మీద బైరి డేగల జంట ఒకటి కాపురం పెట్టింది. వచ్చేపోయేవాళ్ళంతా తలెత్తి చూసి మురిసిపోతుంటే, రెండు వీధుల అవతల నా మిద్దె మీద నేను పళ్ళు నూరుకుంటున్నాను. ఎందుకంటే నావి పోటీ పావురాలు. ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో మదనపల్లె-కుప్పం బస్సు నడిపాను. సెలవు దొరికితే మిద్దె మీద పావురాలతో ఉండేవాణ్ణి, దొరక్కపోతే సీటు పక్కన గంపలో పెట్టుకుని వాటినీ డ్యూటీకి తీసుకుపోయేవాణ్ణి. అలాంటి నా పావురాల్లో మూడింటిని నెల తిరక్కుండానే ఆ ఆడ డేగ ఎత్తుకుపోయింది.

డేగల కాపలా నడిపేది బీనా సిస్టర్. అదే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ట్యాంకుకు ఎదురుగా ఉన్న నర్సుల హాస్టలు మిద్దె మీద, రేకుల నీడలో, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బైనాక్యులర్, ఒక రిజిస్టరు పెట్టింది. పదిమంది వాలంటీర్లు తెల్లవారి ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా వంతులేసుకుని కూర్చునేవాళ్ళు. డేగ ఎన్నింటికి వేటకు పోయింది, ఏం తెచ్చింది, అన్నీ రాయాలి. నాకు కావలసింది కూడా సరిగ్గా అదే. అది వేటాడని వేళ ఏదో తెలిస్తే ఆ వేళకు నా పావురాలను ఎగరేసుకోవచ్చు. ఈ దొంగబుద్ధితోనే ఒక పొద్దున హాస్టలు మెట్లెక్కాను.

"సిస్టరమ్మా, నేనూ కూసుంటా" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కూసుంటే సాలదు ఈరప్పన్నా. డ్యూటీ దిగేటప్పుడు హ్యాండోవర్ ఇయ్యాల."

వార్డులో ఒక నర్సు ఇంకో నర్సుకు పేషెంటును అప్పజెప్పే పద్ధతి అది. వచ్చినవాళ్ళ ముందు నిలబడి చెప్పాలి. కూర్చుని చెబితే బీనా సిస్టర్ ఒప్పుకోదు. "తల్లి ఆరూ ఇరవైకి పోయింది, ఏడుకు వచ్చింది, మొగుడు గట్టు మీదే ఉన్నాడు, గుడ్ల మీద నీడ ఉంది" అని అప్పజెప్పి సంతకం పెట్టాలి. మొదటి రోజు నవ్వు ఆపుకోలేకపోయాను. రెండో వారానికి, డిపోలో బస్సు అప్పజెప్పినప్పుడు కూడా నేనింత ఒళ్ళు దగ్గర పెట్టుకోలేదని తెలిసొచ్చింది.

మార్చి మొదటి వారంలో మూడు గుడ్లలో ఒక్కటే పిల్లయింది. దాన్ని మొదట చూసింది నేనే. దూది ఉండలా ఉండి, తల నిలబెట్టలేక తూలుతోంది. ఫోనులో "సిస్టరమ్మా, బేబీ వచ్చింది" అని అరిచినంత పని చేశాను. ఆ తర్వాత నేనెందుకు చేరానో ఆ పని పూర్తిగా మరిచిపోయాను. తల్లి తెచ్చింది నా పావురమో కాదో ఈకల రంగును బట్టి నాకు తెలిసిపోయేది. అయినా అది చిన్న చిన్న తునకలు చేసి పిల్ల నోటికి అందిస్తుంటే చూపు తిప్పుకోలేకపోయేవాణ్ణి. ఒకనాడు నా బూడిదరంగు పోతు పావురాన్నే తినిపిస్తోంది. "తిను నాయనా" అనేశాను. పక్కన ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాను.

ఏటా ఏప్రిల్ రెండో ఆదివారం మా పావురాలవాళ్ళకు కుప్పం పందెం. కుప్పం స్టేషను దగ్గర గంపలు తెరిస్తే పావురాలు పుంగనూరు మీదుగా మదనపల్లెకు ఎగిరొస్తాయి. ఎవరి పావురం ముందుగా తన మిద్దె మీద వాలితే వాళ్ళది గెలుపు. గెలిచినవాడికి ఒక శాలువా, ఏడాది పాటు గొప్పలు చెప్పుకునే హక్కు. తొమ్మిదేళ్ళుగా పోటీ చేస్తున్నా నాకు ఆ రెండూ దక్కలేదు. ఈసారి మాత్రం నా దగ్గర సుక్కి ఉంది. నెత్తిన తెల్లచుక్క ఉన్న ఆడ పావురం. పుంగనూరులో వదిలి ఫోను చేస్తే, నేను స్నానం చేసి తువ్వాలు ఆరేసేలోపు ఇంట్లో ఉండేది.

పందానికి వారం ముందు మా వాళ్ళంతా మునస్వామి ఇంట్లో కూడారు. మునస్వామి టమోటా మండీలో పని చేస్తాడు, నాకు వరసకు బామ్మర్ది. మాట కటువు, మనసు అంత చెడ్డది కాదు.

"బావా, పిల్లను దించేస్తే తల్లి ఇంగ ఈడ ఉండదు. బుధవారం తెల్లారే నిచ్చెన ఎక్కుతాండాం. నువ్వు పెద్దోడివి, సరే అను" అన్నాడు.

వాళ్ళ కోపంలో తప్పు లేదు. అక్కడున్న ఏడుగురిలో డేగకు పావురాన్ని పోగొట్టుకోనివాడు ఒక్కడూ లేడు. డేగ జోలికి పోతే కేసవుతుందని ట్యాంకు కింద బోర్డు కట్టారు గానీ, ఆ బోర్డు లేచి వచ్చి ఎవరి చెయ్యీ పట్టుకోదు. నాకు గట్టు మీది పిల్ల కళ్ళలో మెదిలింది. అప్పటికే దూదంతా రాలి గోధుమరంగు ఈకలొచ్చాయి.

"యాల దించాల? దించే పనేముంది?" అన్నాను. "నెలన్నరగా కూసోని సూస్తాండా. పొద్దున ఎనిమిదిన్నర దాటితే సాయంత్రం నాలుగు దాకా అది వేటకు పోదు. ఎండకు మెదలకుండా కూసుంటాది. ఈసారి ఆరున్నరకు కాకుండా పదికి గంపలు తెరుద్దాం. పదకొండున్నరకంతా పావురాలు ఇండ్లలో ఉంటాయి."

"ఉండకపోతే?"

"ఒక్కటంటే ఒక్క పావురం దాని నోట పడినా, ఆ పిల్లను నేనే ఎక్కి దించి నీ సేతిలో పెడతా."

"మాటేనా బావా?"

"మాటే."

మరునాడు ఈ సంగతి చెప్పేసరికి బీనా సిస్టర్ ముఖం మాడిపోయింది. "బేబీని పందెంలో పెట్టే హక్కు నీకెవురిచ్చినారప్పా?" అంది.

"నేను ఆ మాట అనకపోయింటే బుధవారమే దించేసుందురు సిస్టరమ్మా."

"నాకు సెప్పుంటే నేనొచ్చి మాట్లాడుంటా కదా."

ఆ రోజు నుంచి ఆమె నా హ్యాండోవర్ తలవంచుకునే రాసుకుంది. నేను నిలబడి చెప్పి, సంతకం పెట్టి దిగిపోయేవాణ్ణి.

శుక్రవారం తల్లి ఖాళీ గోళ్ళతో తిరిగొచ్చింది. శనివారం కూడా అంతే. పిల్ల గట్టు మీద అటూ ఇటూ పరుగెడుతూ, రెక్కలు కొట్టుకుంటూ, ఒకటే అరుపు. "రెండు దినాలుగా ఫీడ్ లేదు, తల్లికి ఒంట్లో బాగలేదేమో" అని బీనా సిస్టర్ కంగారు పడింది. నాకేమో లోలోపల సంతోషం. వేట మానేసింది, ఇక పందెం గట్టెక్కినట్టే అనుకున్నాను. ఇంటికెళ్ళి, పందానికి ముందురోజు పావురాలవాళ్ళం ఎప్పుడూ చేసేటట్టే, సుక్కికి సగం గింజలే వేశాను. కడుపు నిండితే దారిలో ఎక్కడో దిగి కూర్చుంటుంది. ఆకలుంటేనే సూటిగా ఇంటికొస్తుంది. దాన్ని గంపలో పెట్టి, అందరి గంపలూ తీసుకుని కుప్పం పోయే రమణ చేతికిచ్చాను.

ఆదివారం మా వాళ్ళంతా హాస్టలు మిద్దె మీదే చేరారు. తమ మిద్దెల మీద పెళ్ళాలను కాపలా పెట్టి, నా మాట ఏమవుతుందో చూడ్డానికి వచ్చారు. మునస్వామి చంకలో గోనెసంచి ఉంది. బీనా సిస్టర్ బైనాక్యులర్ మెడలో వేసుకుని రిజిస్టరు ముందు కూర్చుంది.

పది గంటలకు రమణ ఫోను చేసి వదిలామన్నాడు. పదకొండుంపావుకు, దారిలో చూసి చెప్పడానికి పుంగనూరులో పెట్టిన మా గంగప్ప చేశాడు. "ఈరప్పా, ముందర ఒక్కటే పోతాండాది. మిగతాయి శానా ఎనకాల ఉండాయి."

ఆ ఒక్కటీ ఎవరిదో నాకు అప్పుడే తెలుసు. కాసేపటికి పుంగనూరు రోడ్డు వైపు ఆకాశంలో నలుసంత కనిపించింది. నెత్తి మీది చుక్క కనబడే దూరం కాదు గానీ, రెక్క వేసే తీరు నా గుండెకు తెలుసు. "అది నా సుక్కి" అన్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి నా ఛాతీ చొక్కాకు పట్టలేదు.

"అన్నా, తల్లి గట్టు మీద లేదు" అంది బీనా సిస్టర్.

తలెత్తేలోపే అయిపోయింది. ఎండలోంచి రాయి పడ్డట్టు పడింది. గాల్లో గుప్పెడు ఈకలు మిగిలాయి. నేను గోడ పట్టుకుని ఆ ఈకలనే చూస్తున్నాను. "అయ్యో బావా" అన్నాడు మునస్వామి, సంచి సంగతి మరిచిపోయి.

తల్లి సుక్కిని గట్టు మీదికి తీసుకురాలేదు. గోళ్ళలో పట్టుకుని పిల్ల ముందు నుంచి నెమ్మదిగా పోయింది. పిల్ల అరుస్తూ గట్టు చివరిదాకా పరుగెత్తి ఆగింది. తల్లి తిరిగొచ్చి మళ్ళీ పోయింది, ఈసారి ఇంకొంచెం దూరంగా. అప్పుడు గాని నా మట్టిబుర్రకు తట్టలేదు. నిన్న సాయంత్రం నేను సుక్కికి చేసిన పనే ఇది రెండు రోజులుగా తన పిల్లకు చేస్తోంది. నేను ఇంటికి రప్పించడానికి కడుపు మాడ్చాను, ఇది ఇల్లు దాటించడానికి మాడ్చింది. ముప్పై ఏళ్ళు పావురాలు సాకినవాణ్ణి, ఆ మాత్రం కనిపెట్టలేకపోయాను.

మూడోసారి తల్లి పోయినప్పుడు పిల్ల గట్టు వదిలేసింది. రెండంతస్తుల మేర రాలిపడింది. బీనా సిస్టర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో దాని రెక్కలు విచ్చుకున్నాయి. వంకరటింకరగా లేచి, హాస్టలు వేపచెట్ల మీదుగా, మా తలల మీదుగా, తల్లి వెనకాలే పోయి సెల్ టవర్ కమ్మీ మీద తూలుతూ వాలింది. తల్లి సుక్కిని దాని ముందు పెట్టింది.

బీనా సిస్టర్ వాచీ చూసింది. "పదకొండూ ముప్పై ఆరు" అంది, కాన్పు గదిలో వేళ చెప్పినట్టే. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి.

తల్లి అక్కడ పనిలో ఉండగానే మిగతా పావురాలన్నీ క్షేమంగా ఇళ్ళు చేరాయి. ముందు వాలింది మునస్వామి పావురం. ఇంటి నుంచి ఫోనొస్తే వాడు "సరేలే" అని పెట్టేశాడు.

"సంచి ఇయ్యి" అన్నాను.

"యాలప్పా? అది ఎగిరిపాయె కదా."

"మాటిచ్చినా. ఎక్కి సూసొచ్చి సెప్పాల."

అరవై మూడేళ్ళ మోకాళ్ళతో ఆ ఇనుప నిచ్చెన ఎక్కడానికి నాకు చాలాసేపు పట్టింది. గట్టు మీద ఎముకలు, ఎండిన రెట్టలు, రకరకాల ఈకలు. వాటిలో నావి నేను గుర్తుపట్టాను. కిందున్నవాళ్ళకు కనబడేటట్టు సంచిని తిరగేసి దులిపాను. అక్కడి నుంచి సెల్ టవర్ తేటగా కనిపిస్తోంది. పిల్ల ఎవరూ తినిపించకుండా తనే తింటోంది. నాకు దుఃఖం వచ్చింది, దాని వెనకే గర్వం వచ్చింది, రెంటిలో ఏదీ తగ్గలేదు.

దిగేసరికి మునస్వామి కింద నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ముందర వచ్చింది నీ సుక్కే బావా. గెలుపు నీదే అని అందురూ అంటాండారు."

"మిద్దె మీద వాలాల కదప్పా. రూలు రూలే. గెలిచింది నువ్వే."

వాడు నా ముఖంలోకి చూశాడు. "మరి కండ్లనీళ్ళు యాలకు? సుక్కికా, ఆ పిల్లకా?"

నేను సంచి మడిచి వాడి చేతికిచ్చాను.

"రెండూ నేను సాకినవే కదా" అన్నాను.