నూకరత్నం పళ్ళ అచ్చు

నేను ఒక పళ్ళ అచ్చును. దంతవైద్యుడు విశ్వేశ్వరం గారు నూకరత్నం నోటి కొలత తీసి నన్ను ప్లాస్టరుతో పోశారు. పైవరుసలో పన్ను మీద పన్ను, కింద ఒకటి అడ్డం తిరిగి ఉంటుంది. "ఈ వరుస లోకంలో ఇంకొకరికి ఉండదమ్మా" అన్నారాయన. రత్నం సిగ్గుపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తమకే సొంతమైనదాన్ని దాచుకోవడం మనుషుల అలవాటు.

పళ్ళు సరిచేసే క్లిప్పు పెట్టకముందే ఆమె పనిచేసే బాణసంచా షెడ్డు పేలింది. లోపల ఉన్నది ఇద్దరే, రత్నం, గంగ. ఒకే ఈడు, ఒకే ఒడ్డూ పొడుగూ. ఒకరు గుర్తుపట్టలేనంతగా కాలిపోయారు. ఇంకొకరు ఊపిరితో దొరికారు గానీ ముఖమంతా కట్లు, గొంతు పెగలదు. ఆసుపత్రికి ముందుగా చేరిన రత్నం తల్లి సత్తెమ్మ, ఆ కట్ల మీద పడి "నా కూతురే" అంది. శవాన్ని గంగ తల్లి ఆదిలక్ష్మికి అప్పగించారు.

తొమ్మిదో రోజున, దవడ దెబ్బ చూడమని విశ్వేశ్వరం గారిని పిలిచారు. ఆయన నన్ను వెంట తెచ్చారు. ఆ పిల్ల నోరు తెరిపించి, నన్ను చూసి, మళ్ళీ నోట్లోకి చూశారు. పేర్చినట్టు తిన్నగా ఉంది వరుస.

"సత్తెమ్మా, ఈ పిల్ల మీ రత్నం కాదు."

ఆమె చేతిలోని గంజిగిన్నె కదలలేదు. "తొమ్మిది రోజులుగా చెంచాతో నేనే పోత్తన్నాను బాబూ. నాకు తెలవదా?"

అప్పుడు నర్సు చెప్పింది. రత్నమని పిలిచినప్పుడల్లా ఆ పిల్ల తల అడ్డంగా ఊపేదట. నొప్పికి ఊపుతోందని సత్తెమ్మే చెప్పేదట.

"గంగ తల్లి ఏడవాల్సింది ఏడ్చేసింది గదండీ. ఈ బిడ్డని నాకు వదిలేద్దురూ!"

డాక్టరు కబురు పంపారు. ఆదిలక్ష్మి పరుగున వచ్చి "గంగా" అంది. కట్ల చెయ్యి పైకి లేచింది. ఆదిలక్ష్మి వెనక్కి తిరిగి సత్తెమ్మ చెంప పగలగొట్టింది.

"బతికున్న నా పిల్లకి కొరివి పెట్టించావు గదే!"

సత్తెమ్మ తప్పుకోలేదు.

ఇప్పుడు నేను పేలుడు కేసులో సాక్ష్యాన్ని. పోలీస్ స్టేషన్ బీరువాలో, నంబరు చీటీతో ఉన్నాను. సత్తెమ్మ ఒకసారి వచ్చింది. "దానిదంటూ ఇంకేదీ మిగల్లేదు బాబూ, అదన్నా ఇప్పించండి."

"కేసు తేలాలమ్మా" అన్నాడు కానిస్టేబులు.

"పోనీ, నా పిల్ల బూడిద ఏ రేవులో కలిపారో చెప్పండి."

"మాకేం తెలుసు? వెళ్ళి ఆదిలక్ష్మిని అడుగు."