హద్దు దాటిన హాలు

ప్రతి సోమవారం పొద్దున్నే డాక్టర్ వెర్లీన్ మోజ్లీకి మొదటి పని, ఏ పైపు తెగిందో వెతకడం. ఆమె నర్సింగు పాఠాలు చెప్పే పాత హాలు శని, ఆదివారాల్లో కాస్త కాస్తగా రోడ్డువైపు జరుగుతుంది. నల్లవాళ్ళ కోసం రాష్ట్రం ఈ యూనివర్సిటీ పెట్టినప్పుడు రైలుకట్ట పక్కన పల్లంలో, ఎవరి కంటా పడని చోటిచ్చింది. మొదటి ఏడు చేరిన పిల్లలే ఎర్రమట్టి తొక్కి, ఇటుకలు కాల్చి హాలు కట్టుకున్నారు. అప్పట్నుంచీ అది నడుస్తూనే ఉంది. వెర్లీన్ నాయనమ్మ చదివేనాటికి పెకాన్ చెట్ల చాటున ఉండేదట. ఇప్పుడు చెట్లే దాని వెనకున్నాయి.

రాష్ట్రం నుంచి కమిటీలొస్తాయి. ఎవరు స్థాపించారు, ఎంతమంది టీచర్లూ నర్సులూ ఇక్కణ్ణుంచి వెళ్ళారు, బ్యాండు ఎన్ని ఊళ్ళలో వాయించింది, అన్నీ వెర్లీన్ ప్రతిసారీ మొదట్నుంచీ చెబుతుంది. వాళ్ళు తలలూపుతారు, వేయించిన చేప తింటారు, వెళ్ళి ఏదో ఒక కోర్సు ఎత్తేస్తారు. కిందటిసారి వ్యవసాయం కోర్సు పోయింది. అప్పుడే హాలు కదిలి, పైపు పగిలి, పెద్దమనుషుల బూట్లు తడిశాయి కూడా. ఆ సిగ్గుకొద్దీ ఈసారి ముందుగానే హాలుని చెట్లకి గొలుసులతో కట్టించింది.

ఈ శుక్రవారం వచ్చిన కమిటీకి కల్పెపర్ పెద్ద. ఆమె చెప్పేది సగంలోనే ఆపి, నర్సింగు కోర్సు రాజధానిలో పెద్ద యూనివర్సిటీకి పోతుందని తేల్చేశాడు. నర్సింగు నేర్పే చోటు టౌను హద్దులో ఉండాలని రూలు. హద్దేమో తిన్నగా వచ్చి, యూనివర్సిటీ ముందు మాత్రం వంకర తిరిగి రోడ్డు మధ్యలోంచి పోతుంది. ఇక్కడివాళ్ళకి టౌనులో ఓటు లేకుండా ఎప్పుడో గీసిన వంకర.

"గీత నేను గీయలేదు, డాక్టర్ గారూ. మీ గుమ్మం దానికి అవతలుంటే ఇప్పుడే సంతకం పెట్టేవాణ్ణి," అని నవ్వి భోజనానికి నడిచాడు.

హాల్లో ముందు బెంచీలో కూర్చుని అంతా విన్న విద్యార్థిని జెనీవా పుస్తకం మూసేసింది. తెల్లారకుండానే బేకరీలో పని, ఇంట్లో చంటిపిల్ల. రాజధానికి ఎక్కడ వెళుతుంది? ఇక్కడైతే చదువు ఇంకొక్క టర్ములో అయిపోయేది.

వెర్లీన్ సుద్దముక్క గోడకేసి కొట్టి బయటికొచ్చింది. చెట్లకింద మరమ్మతులు చూసే రూఫస్ ఉన్నాడు. చర్చిలో డీకన్, అంటే సంఘపెద్ద కూడా.

"డీకన్ గారూ, గొలుసులు విప్పండి."

"కట్టమన్నదీ మీరే. పైపులు తెగితే మళ్ళీ నామీదే పడతారు."

"తెగనివ్వండి. తలవంచి తలవంచి నా మెడ పట్టేసింది."

గొలుసులు జారగానే హాలు ఒళ్ళు విరుచుకున్నట్టు కిర్రుమంది. లోపల పిల్లలు అలవాటుగా బల్లమీది సీసాలు పట్టుకున్నారు.

కల్పెపర్ మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి హాలు రోడ్డుకి అడ్డంగా కూర్చుని ఉంది. టపాబండివాడు విసుక్కుంటూ దాని చుట్టూ తిప్పుకుపోతున్నాడు. కల్పెపర్ గుమ్మం దగ్గరికెళ్ళి కిందికి చూశాడు. గీత వెనకెక్కడో ఉంది.

"సగం ఇంకా ఇటే ఉందే," అన్నాడు.

"పాఠం ముందుగదిలో చెబుతాను."

గుమ్మం అవతలుంటే సంతకం పెడతానన్నది తనవాళ్ళంతా విన్న మాటాయె. వరండా స్తంభానికి కాగితం ఆనించి, కోర్సు ఇక్కడే ఉంటుందని సంతకం పెట్టి, కలం జేబులో కుక్కుకున్నాడు. "దీన్ని ఇక్కడే కదలకుండా కట్టేయించండి," అన్నాడు పోతూ పోతూ.

డీకన్ గొలుసు భుజాన వేసుకున్నాడు. "దేనికి కట్టమంటారండీ? ఈ వైపు చెట్లే లేవు."

వెర్లీన్‌కి నవ్వు రాలేదు. గొలుసుల ఒరిపిడికి గోడమీద పడిన చారల్ని చేత్తో తడిమి, ముందుగదిలోకి నడిచింది.

"జెనీవా, పుస్తకం తియ్యమ్మా."