రేవునందలి నవ్వు

శిశిరము కడచి వసంతము వాకిట నిలిచి లోని కడుగిడుటకు సంకోచించుచున్నట్లుండు నొక ప్రభాతమున, హిమద్రవపూరితయై పొంగి పాఱు సెవర్న్ నది యొడ్డున పసిడివన్నె డాఫొడిల్ పుష్పములు మంచుబొట్లను విదల్చుకొనుచుండెను. ధవళహంసద్వయ మొకటి ప్రవాహమున కెదురీది యలసి వంతెననీడను జేరి, తాము కోరివచ్చిన దా నీడకే యన్నట్లు గంభీరముగా నిలిచియుండెను.

ఆ యొడ్డుననే, పూర్వము పడవలు కట్టిన దీర్ఘశాలయందు ఆంగ్లశిల్పి లియొనార్డ్ ఫెన్విక్ పనిచేయుచుండెను. శిలాలోహమృత్తికాపరిచయపరుషములైన హస్తములును పసివానివంటి నీలనేత్రములును గల యా వృద్ధుడు భార్య గతించినది మొదలు గుఱ్ఱములను గొఱ్ఱెలను మలచెనే కాని మనుష్యముఖము జోలికి బోడయ్యెను. అట్టివానిని ఆ యూరివారు, బ్రదికినన్నాళ్లు ఆ రేవున బడవ నడపి యెక్కినవారి నెల్ల నవ్వించుచు దాటించి గతవత్సరము దివంగతురాలైన రోజమండ్ పైక్ అనునామె కంచువిగ్రహమును జేయుమని కోరిరి. పోతకు ముందు మట్టితో జేసిన నమూనాలో తనువు చక్కగా గుదిరెను, ముఖము కుదరదాయెను. నునుపైన యా వదనమున కన్నులు, ముక్కు, పెదవులు నన్నియు నుండెను. రోజమండ్ మాత్రము లేకుండెను. ఆనాటి మధ్యాహ్నమే యామె తమ్ముడు వాల్టర్ వచ్చి చూడవలసియుండెను. అతడు కాదన్నచో బని మఱియొకనికి బోవును. అట్లు పోయినచో తనచేతు లిక నరముఖమును జేయనేరవని ఫెన్విక్ తనకు దానే తీర్పు చెప్పుకొనియుండెను.

తడి యారినచో మట్టి పగులును. కావున నతడు శీతకాలమంతయు శాలలో నిప్పు రాజేయక, ప్రతిమకు తడిగుడ్డలు చుట్టి, తాను కోటుమీద కోటు తొడిగి వణకుచు పనిచేయుచుండెను. బహుకాలము బస్సు నడపి విశ్రాంతి గొనిన పొరుగింటి బెరిల్ డాసన్ దీనిని వట్టి పిసినితనమని తలచెను. ఆ యుదయమున నతడు పోతపనివారితో మాటలాడుటకు పొరుగూరి కేగినంతనే యామె లోనికి వచ్చి, మూలనున్న యినుపపొయ్యిని నిండ గట్టెలు వేసి రాజేసి, అంతటితో దనివినొందక, మాసినవని తలచి యా తడిగుడ్డలను విప్పి యుతికి పొయ్యిచుట్టు నారవేసెను.

ఫెన్విక్ తిరిగివచ్చునప్పటికి రోజమండ్ ముఖము రోహిణికార్తెనాటి చేనివలె నెఱ్ఱెలువాఱియుండెను. ముక్కు నేలబడియుండెను.

"ఏమయ్యా లియొనార్డ్! ఇప్పుడు గదా నీ కొంప మనుష్యు లుండదగినట్లున్నది! గుడ్డలుకూడ నుతికితిని. గంజి మాత్రము పెట్టలేదు, అంతటి మర్యాదకు నీవు తగవు," అని బెరిల్ ముసిముసినవ్వు నవ్వి, యతని చూపువెంట దానును జూచి, "అయ్యయ్యో! ముక్కు రాలినదే! ఈమెను నేనే చంపితినా?" అని వాపోయెను.

ఫెన్విక్ ముక్కును అరచేత బట్టుకొని, వరుసగా వ్రేలాడు గుడ్డలను జూచెను. చిరకాలమునుండి యెచ్చటనో మడచిపెట్టబడిన నవ్వొకటి యతని కడుపులోనుండి తన్నుకొనివచ్చెను.

"నే నీమె నేనాడో చంపితిని, బెరిల్! నీవు దహనసంస్కారము జరిపితివి, అంతే!"

కొంగువంటిది లేనందున కోటుచేతితో కన్నులొత్తుకొనుచున్న బెరిల్‌నుకూడ ఆ నవ్వు పట్టుకొనెను. ఆమె చెక్కిళ్లు పైకెగసి కన్నులు మూసివైచెను. పెదవి యొకవైపున ముందుగా బరుగెత్తెను.

"కదలకుము! అట్లే నవ్వుచుండుము!" అని ఫెన్విక్ కేకవేసెను.

"నవ్వుమన్న నెట్లు నవ్వుదును? ఏడుపు వచ్చుచున్నది!"

"అయిన నిటు చూడుము," అని ఫెన్విక్ ఆ మట్టిముక్కును తన ముక్కుపై నుంచుకొనెను.

బెరిల్ బల్ల బట్టుకొని విరగబడి నవ్వెను. అతడు పగిలిన ముఖమును చెక్కివైచి, తొట్టిలోని తడిమన్నును తీసి చేతులార పనికి దొడగెను. బొటనవ్రేలిక్రింద చెక్కిలియొకటి పొంగినపుడు, తన భార్యయు నిట్లే ముందుగా కన్నులు మూసి నవ్వెడిదని యతనికి జ్ఞప్తికి వచ్చెను. ఆ జ్ఞాపకము మొదటిసారి గాయపఱుపక ప్రక్కన గూర్చుండెను.

మధ్యాహ్నమున వాల్టర్ వచ్చి, ఇంకను తడి మెఱయుచున్న యా ముఖమునెదుట చాలసేపు నిలిచి, టోపీ తీసెను.

"మా యక్కయే! నేను నీట బడిన దినమున చేయి యందీయక మున్నిట్లే నవ్వినది. చచ్చియు నామీద నవ్వు మానలేదు!" అని, తానును నవ్వుచు కన్నులు తుడుచుకొనెను.

నేడు రేవున రోజమండ్ కంచువిగ్రహము నిలిచియున్నది. మేనంతయు వానలకు నల్లబాఱినను, పడవ యెక్కువా రెల్ల నిమిరిపోవుటచే చెక్కిళ్లు మాత్రము బంగారమువలె మెఱయుచుండును. మట్టికి తడియు మనుజునికి వెచ్చదనమును గావలెననియు, రెండింటి కొకే కప్పుక్రింద చోటు గలదనియు నెఱిగిన ఫెన్విక్, సాయంకాలమున శాలలో తాను క్రొత్తగా మలచుచున్న మట్టిప్రతిమకు తడిగుడ్డలు చుట్టి, పొయ్యి రాజేసి, రెండు కప్పుల తేనీరు కాచి, పొరుగింటి తలుపు చప్పుడగుటకై చెవియొగ్గి కూర్చుండును.