సూదక్క అల్లిన తేనెటీగ

పొద్దున్నే స్టవ్ మీద నీళ్ళు పెట్టడం, రేడియో పెట్టడం, చిరిగిన కోట్లకు రఫూ చేయడం. సూదక్కకు రోజంతా ఇంతే. చిరుగు కనిపించకుండా కుట్టడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు గానీ, కుట్టించుకున్నవాళ్ళు "వస్తానక్కా" అనడం తప్ప ఇంకో మాట ఎరగరు. మిగతా కబుర్లన్నీ ఆవిడకు సూదితోనే.

ఆ వీధిలో ఏటా పూలకాలం చివర బస్సుల షెడ్డు గోడ దగ్గర ఒక సందడి. చెట్లన్నీ కాయాలని పూవుపూవుకూ తిరిగి అలిసిపోయే తేనెటీగలకూ సీతాకోకలకూ అదో మర్యాద. రాలిన పూలు, ఎండుగడ్డి, గింజల తొక్కలు ఏరుకొచ్చి తేనెటీగల, సీతాకోకల బొమ్మలు అల్లుతారు, ఆదివారం గోడకు తగిలిస్తారు. మధ్యాహ్నం ఎండ పడగానే బొమ్మలు రెక్కలు విదిల్చుకుని ఎగిరిపోతాయి. అల్లేటప్పుడు ఎవరిని తలుచుకుంటే వాళ్ళ గుమ్మం మీద వాలతాయి. దీనివల్ల ఆ వీధిలో రెండు పెళ్ళిళ్ళయ్యాయి, ఒకటి చెడింది కూడా. బేకరీ ఆయన సీతాకోక ఎవరింటికి పోయిందో ఆయన భార్య ఇప్పటికీ మర్చిపోలేదు.

సూదక్క గుమ్మం మీద మాత్రం పదకొండేళ్ళుగా ఒక్కటీ వాలలేదు. ఈసారీ రాకపోతే సోమవారం గది ఖాళీ చేస్తానని ఇంటావిడకు చెప్పేసింది. చెల్లెలింట్లో పాత సామాన్లు పడేసే గదొకటి ఉంది. చెల్లెలు రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

అందుకే ఈసారి ఓ ఎత్తు వేసింది. తేనెటీగను అల్లుతూ తనను తనే తలుచుకోవాలి. అప్పుడది చచ్చినట్టు తన గుమ్మానికే వస్తుంది. సిగ్గులేని పనే. అయితే ఏం, అడిగేవాళ్ళెవరు?

నాలుగు సాయంత్రాలు ఇంట్లో కూర్చుని అల్లింది. తీరా చూస్తే తన గురించి తలుచుకోడానికి తనకే ఏమీ దొరకలేదు. ఎలాగో ఓ నిమిషం మనసు నిలిపితే, పైన గర్రుమని కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఆర్నెల్ల కిందట పైవాటాలో దిగిన రిటైరైన లిఫ్ట్ ఆపరేటరు. కిటికీ దగ్గరికి ఈడుస్తాడు, మళ్ళీ తలుపు దగ్గరికి ఈడుస్తాడు.

"నీ కుర్చీ విరగ. ఒక్కచోట కూర్చోలేవా మహానుభావా," అని గొణుక్కుంటూనే రెక్కలు రెండూ కుట్టింది.

ఆదివారం తేనెటీగ ఎగిరింది. సూదక్క దానికన్నా ముందే ఇల్లు చేరి, తలుపు బార్లా తీసుకు కూర్చుంది. వీధిలో ఇంటింటికీ ఏదో ఒకటి వాలుతోంది. మూడయింది. నాలుగయింది. తన చేత్తో చేసిన ఈగకు కూడా తను అక్కర్లేకపోయింది. కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

ఇంతలో గుమ్మంలో పైవాటా ఆయన. ఇస్త్రీ చొక్కా, మెడదాకా గుండీలు, భుజం మీద తేనెటీగ.

"ఏమండీ, కాస్త సాయం చేయాలి. ఈ ఊళ్ళో నాకెవరూ తెలీదు. అయినా నన్నెవరో తలుచుకున్నారు. వాళ్ళనోసారి పలకరించి వద్దామని నాలుగిళ్ళు తిరిగాను. అందరూ మాది కాదంటున్నారు."

సూదక్క తన కుట్టును గుర్తుపట్టింది. నాకూ తెలీదంటే సరిపోతుంది. ఎలాగూ రేపు వెళ్ళిపోయేదే. కానీ ఆ గుండీలు చూశాక అబద్ధం రాలేదు.

"నాదే," అంది.

"మీరా? నన్నా?"

"మంచిగా ఏం కాదు లెండి. తిట్టుకున్నాను. ఆ కుర్చీ చప్పుడుకి."

ఆయన గడప మీద చతికిలబడ్డాడు.

"గదిలో ఏదో ఒక చప్పుడుండాలని ఈడుస్తానండీ," అన్నాడు. "కింద వినేవాళ్ళు ఒకరున్నారని నాకు తెలీదు."

"తెలిస్తే మానేసేవారు."

"లేదండీ. ఇంకా ఈడ్చేవాణ్ణి."

సూదక్కకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి దాచుకోలేదు. "లోపలికి రండి, గడప మీదేం కూర్చుంటారు," అంది.

సోమవారం పొద్దున ఇంటావిడ తాళంచెవి కోసం వచ్చింది. సూదక్క ఇవ్వలేదు.