నాలుగో నల్లమెట్టు

హార్మోనియంలో మూడో నల్లమెట్టు పొద్దున మొరాయించకుండా ఉంటే నీలాంబిక ఈపాటికి హాయిగా మరమరాల గిర్మిట్ తిని చేతులు కడుక్కునేది, ఇప్పుడు పొట్లం ఒళ్లోనే చల్లారిపోతోంది, ఒక్క మరమరం నోట పెట్టబుద్ధి కావడం లేదు, నవ్వొస్తోంది, ఊరికే నవ్వొస్తోంది, ఎదురుగా హార్మోనియం తుడుస్తున్న గురుపాద ఏంటే ఆ నవ్వు, నీ పరీక్షకి పుణె నుంచి ఒకాయన, మిరజ్ నుంచి ఒకావిడ వచ్చి కూర్చున్నారు, నలభై నిమిషాల్లో నీ ఎమ్మే తేలిపోతుంది అంటున్నాడు, తేలనీ, ఇతనే కదా పొద్దున ఆరింటికి సాధన గదిలో మూడు పలకట్లేదు నీలా, లోపల ఏదో విరిగింది, ఈ పూటకి నాలుగులో కానిద్దాం అన్నది, సరే అని ఆమె ఏమీ ఆలోచించకుండా సా అందుకుంది, అందుకోగానే ఒళ్లు జలదరించింది, కిటికీ చువ్వలు దాటి వానలోకి వెళ్లిపోయిన ఆ గొంతు ఎవరిది, గురుపాద చేతులు మెట్ల మీదే ఆగిపోయాయి, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే ఇది అన్నాడు, దాచడమేమిటి, తనకు తెలిస్తే కదా, సాధన గదిలో నాలుగు తంబూరాలూ మూడో నల్లమెట్టుకే కలిపి ఉంటాయి, అది గురువు అంబూబాయి శ్రుతి, ఆ గదిలో అడుగుపెట్టిన ఆడపిల్ల ఎవరైనా ఆ శ్రుతిలోనే పాడుతుంది, కచేరీల్లో బాయి వెనక కూర్చుని గొంతు కలిపేదీ ఆ శ్రుతిలోనే, ఐదేళ్లు అలా కలిపి కలిపి అదే తన గొంతనుకుంది, కిందికి దిగి పంచమం దగ్గరకొచ్చేసరికి ఉత్త గాలి, పసుపు పాలు తాగింది, మిరియాలు నమిలింది, వారం వారం సాధన పుస్తకంలో బాయి ఎర్ర సిరాతో మంద్రం బలహీనం అని రాసి సంతకం పెట్టడం, హాస్టల్‌కెళ్లి దుప్పటి కప్పుకుని ఏడవడం, ఇవాళ పొద్దున అదే పంచమం నిండుగా పలికింది, అబద్ధమేమోనని మళ్లీ పాడింది, మళ్లీ పలికింది, ఈ సంతోషాన్ని ఎవరితో చెప్పుకోవాలి, ఎవరితో చెప్పినా బాయి చెవిన పడుతుంది, అదే భయం.

అదిగో వస్తోంది బాయి, చంకలో తంబూరా, నొసట రూపాయంత కుంకుమ, తిన్నావా తల్లీ అంటూ తెర వెనక చాప మీద కూర్చుంది, ఈ పరీక్షే శిష్యుల తొలి కచేరీ, దానికి తంబూరా గురువే శ్రుతి చేసి ఇవ్వాలి, శిష్యులు కళ్లకద్దుకుని తీసుకోవాలి, అలా కలిపిచ్చిన తంబూరా బిరడా మీద మళ్లీ చెయ్యి వేయడమంటే అన్నం పెట్టిన చేతిని తోసేయడమే, ఇక్కడ ఎవరూ ఆ పని చేయలేదు, అనేదేదైనా ఇప్పుడే అనాలి, బాయి వేళ్లు బిరడా మీద పడ్డాయి, తీగ మూలిగింది, మూడుకే వెళ్తోంది, ఇంకాస్సేపు నోరు మూసుకుంటే మళ్లీ ఆ గాలి, ఆ పంచమం, అనకూడదు, అనాలి, బాయీ మూడొద్దు అనేసింది, గురుపాద తల దించుకున్నాడు, ఏంటే అంది బాయి, నాలుగు పెట్టండి బాయీ, ఇన్నేళ్లూ లేనిది ఇవాళ పుట్టిందా నీకు, ఇన్నేళ్లూ నాకు తెలీదు బాయీ, పొద్దునే తెలిసింది, ఎవరు నేర్పారు ఈ మాట, ఎవరూ నేర్పలేదు బాయీ, హార్మోనియం చెడిపోయింది, బాయి ఆ హార్మోనియాన్నీ గురుపాదనీ మార్చి మార్చి చూసింది, పాడు అంది.

నీలాంబిక కళ్లు మూసుకుని సా పట్టి, నిషాదం దాకా దిగి, అక్కడ ఆగలేక పంచమం దాకా వెళ్లిపోయింది, కింద నేల తగిలింది, గట్టి నేల, కాళ్లు ఆనించి ఎంతసేపైనా నిలబడొచ్చు అక్కడ, కళ్లు తెరిస్తే బాయి గోడకేసి చూస్తోంది, తిడుతుందా, లేచి వెళ్లిపోతుందా, అయితే ఐదేళ్లూ నేను నీ గొంతు మీద కూర్చున్నానన్నమాట అంది బాయి, నెమ్మదిగా, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా, అలా అనకండి బాయీ, ఉండవే, తీగ తెగితే ఇద్దరం ఏడవాలి అంటూ బిరడా తిప్పింది, ఒకటి, రెండు, మూడు తీగలు పై శ్రుతికి ఎక్కాయి, నాలుగోది దగ్గరకి జరిపి ఇది నువ్వు కలుపుకో అంది, నీలాంబిక కలిపింది, సన్న తేడా సరిచేసే పూస జరిపింది, తంబూరా మోగింది, బాయి అలవాటుగా కళ్లు మూసుకుని సరిచూడటానికి సా అంటూ గొంతు కలిపింది, ఆ గొంతు ఎన్నడూ తప్పింది లేదు, ఇవాళ వెంట్రుకవాసి కింద పడింది, అరవై ఐదేళ్ల ఆ గొంతు అలవాటు లేని మెట్టు మీద తడబడి, మెడ నరం ఉబ్బి, మెల్లగా పైకి జరిగి, కలిసింది, బయట ఎవరో నీలాంబిక హూగార్ అని పిలుస్తున్నారు, ఆమె తంబూరా కళ్లకద్దుకుంది, ఆకలి వేస్తోందని అప్పుడు తెలిసింది, భయం లేదు, పంచమం గురించిన బెంగ లేదు, తన మెట్టు మీదికి బాయే ఎక్కి వచ్చింది.